పిలిస్తే రారు, పిలవకుండానే వస్తారు: సోషలిజం తర్వాతి ఐరోపాలో స్వచ్ఛంద సేవ

సంక్షిప్తంగా: సోషలిస్టు పాలన నుంచి బయటపడిన తూర్పు ఐరోపా, మాజీ సోవియట్ దేశాల్లో ఆ పాలన పోయినప్పటి నుంచీ సంఘాల సభ్యత్వం తక్కువే. అయినా ఆపద వచ్చిన రోజున అక్కడి జనం ఎవరూ పిలవకుండానే కదులుతున్నారు. పాత పాలనలో దెబ్బతిన్నది మనుషులకూ రిజిస్టరైన సంస్థలకూ మధ్య ఉండాల్సిన నమ్మకం. ఆ ఖాళీని మొదట విదేశీ నిధులు పూరించాయి, ఆ నిధుల్నే సాకుగా చూపి తర్వాత ‘విదేశీ ఏజెంటు’ చట్టాలు వచ్చాయి.

2022 ఫిబ్రవరి నెలాఖరు, మార్చి మొదటి రోజులు. ఉక్రెయిన్ నుంచి వచ్చే రైళ్లు పోలండ్ సరిహద్దు పట్టణం ప్షెమిష్ల్‌లో ఆగుతున్నాయి. స్టేషన్ దగ్గర కొందరు అట్టముక్కలు పట్టుకుని నిలబడ్డారు. తాము వెళ్లే ఊరి పేరు, కారులో ఎందరికి చోటుందో వాటి మీద రాసి ఉంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో తెచ్చి వదిలిన పసిపిల్లల తోపుడు బళ్లు వరుసగా ఉన్నాయి. చంటిపిల్లతో దిగిన తల్లి వాటిలో ఒకటి తీసుకుపోవచ్చు. దగ్గర్లోని మెదికా దగ్గర సరిహద్దు దాటి వచ్చినవారికి వేడి సూప్, దుప్పట్లు, ఫోను సిమ్ కార్డులు ఉచితంగా ఇస్తున్నారు. ఉక్రెయిన్‌లో వైద్యవిద్య చదువుతూ యుద్ధంలో చిక్కుకున్న తెలుగు విద్యార్థుల్లో పలువురు పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దుల గుండానే బయటపడ్డారు. ఉక్రెయిన్ వైపు గంటల తరబడి నిలబెట్టారనీ, వివక్ష చూపారనీ ఆ రోజుల్లో భారతీయ విద్యార్థుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఇవతలికి వచ్చాక అన్నం పెట్టినవారిలో చాలామంది ఏ సంస్థ తరఫునా వచ్చినవారు కాదు, సెలవు పెట్టుకుని వచ్చిన మామూలు ఉద్యోగులు, చుట్టుపక్కల ఊళ్లవారు.

చిక్కు ఏమిటంటే, ఈ దేశాలనే పరిశోధకులు చాలాకాలంగా ‘బలహీన పౌర సమాజాలు’ అంటూ వచ్చారు. పౌర సమాజం అంటే ప్రభుత్వానికి బయట జనం కూడి నడుపుకునే సంఘాలు, సంస్థలు. 1995-97 నాటి వరల్డ్ వాల్యూస్ సర్వే ఆధారంగా అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త మార్క్ హోవర్డ్ వేసిన లెక్క ప్రకారం, పాత ప్రజాస్వామ్య దేశాల్లో ఒక్కో వ్యక్తికి సగటున 2.39 సంఘాల్లో సభ్యత్వం ఉంది. సైనిక పాలన, ఇతర నియంతృత్వాల నుంచి బయటపడిన దేశాల్లో అది 1.82. సోషలిజం నుంచి బయటపడిన దేశాల్లో 0.91 మాత్రమే. అంటే నియంతృత్వం ఒక్కటే కారణమైతే రెండో వరుస, మూడో వరుస దగ్గరదగ్గరగా ఉండాలి. లేవు. సోషలిస్టు పాలన తనదైన ముద్ర ఏదో వేసి వెళ్లింది. అదేమిటో తెలియాలంటే ఒక శనివారం రాత్రి దగ్గర మొదలుపెట్టాలి.

## శనివారం పని

1919 ఏప్రిల్ 12. రష్యాలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఇంజన్లు మూలపడి ఉన్నాయి. మాస్కో-కజాన్ రైల్వేలోని సోర్తిరోవోచ్నయ షెడ్డులో 15 మంది కార్మికులు డ్యూటీ అయ్యాక ఇళ్లకు వెళ్లకుండా రాత్రంతా పనిచేసి, తెల్లవారేసరికి మూడు ఇంజన్లను బాగుచేశారు. కూలి తీసుకోలేదు. రష్యన్‌లో శనివారాన్ని ‘సుబ్బోత’ అంటారు కాబట్టి ఈ పనికి ‘సుబ్బోత్నిక్’ అని పేరు వచ్చింది. లెనిన్ దీన్ని మహత్తరమైన ప్రారంభంగా మెచ్చుకుంటూ రాశాడు. 1920 మే 1న క్రెమ్లిన్ ఆవరణలో తానే దుంగలు మోశాడు. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదివిన తరానికి ఈ మాట కొత్తది కాదు.

ఆ 15 మంది నిజంగానే ఇష్టపడి చేశారు. ఆ ఇష్టానికి తేదీ వేసి, హాజరు పట్టిక పెట్టడంతో కథ మారింది. తర్వాతి దశాబ్దాల్లో సుబ్బోత్నిక్ లెనిన్ పుట్టినరోజైన ఏప్రిల్ 22కు దగ్గరి శనివారం నాటి వార్షిక క్రతువైంది. కర్మాగారం, బడి, ఆఫీసు, అన్నీ చీపుర్లు పట్టుకుని బయటికి రావాలి. లెనిన్‌తో కలిసి ఆ దుంగ మోశామని చెప్పుకునేవారి సంఖ్య ఏటేటా పెరుగుతూ పోయిందని సోవియట్ జనం జోకులు వేసుకునేవారు. ఇలాంటి పనులకు రష్యన్‌లో పుట్టిన మాట ‘దొబ్రోవోల్నో-ప్రినుదీతెల్నో’. తెలుగులో చెప్పాలంటే ‘స్వచ్ఛందంగా నిర్బంధంగా’. దీనికి మించిన నిర్వచనం ఏ పరిశోధకుడూ ఇవ్వలేదు.

చెకొస్లొవేకియాలో దీనికి ‘అక్త్సె జెడ్’ అని పేరు. అధికారికంగా ఆ అక్షరానికి అర్థం ఊరిని తీర్చిదిద్దడం. జనం మాత్రం ‘జదార్మో’, అంటే ‘ఉత్తపుణ్యానికి’ అని చదువుకున్నారు. పోలండ్‌లో ‘సామాజిక కార్యం’, రుమేనియాలో ‘దేశభక్తి పని’. యుగోస్లావియాలో కథ కాస్త వేరు. అక్కడ యుద్ధం ముగిసిన వెంటనే, 1946లో, యువజన దళాలు బ్రచ్కో-బనోవిచి రైలుమార్గాన్ని చేతులతో వేశాయి. ఆ దళాల్లో పనిచేసిన చాలామంది ముసలితనంలో కూడా ఆ రోజుల్ని సంతోషంగానే తలుచుకున్నారు. అందరినీ లాక్కొచ్చి చేయించారని చెబితే అది అబద్ధమవుతుంది.

తెలంగాణ చరిత్ర తెలిసినవారికి ఇక్కడ వెట్టిచాకిరి గుర్తుకు రావచ్చు. ఆ పోలిక అతకదు. వెట్టిలో లాభం దొర గడికి పోయేది, కాదంటే దెబ్బలు పడేవి. సుబ్బోత్నిక్‌లో నాటిన చెట్టు తమ వీధిలోనే ఉండేది, రానివాడిని కొట్టేవాళ్లూ లేరు. కానీ ఇల్లు కేటాయించేది, ప్రమోషన్ ఇచ్చేది, పిల్లల కాలేజీ సీటుకు సిఫారసు రాసేది ఎవరో, హాజరు చూసేదీ వాళ్లే. రాకపోతే వెంటనే ఏమీ కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి ఆగిపోతుంది, అది ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు.

## సభ్యత్వం మానెయ్యడమే స్వేచ్ఛ

పని కన్నా సభ్యత్వానికే దెబ్బ గట్టిగా తగిలింది. పాలన పట్టు బిగించగానే స్వతంత్ర సంఘాలను మూసేశారు, లేదా స్వాధీనం చేసుకున్నారు. పోలండ్‌లో 1950లో కేథలిక్ సేవా సంస్థ కారితాస్‌ను ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1952లో ఒక్క ఉత్తర్వుతో ఫౌండేషన్లన్నీ రద్దయ్యాయి. మళ్లీ ఫౌండేషన్ పెట్టుకోవడానికి చట్టం వచ్చింది 1984లో. చెక్ ప్రాంతంలో 1862లో పుట్టిన సోకోల్ వ్యాయామ సంఘానికి ఊరూరా శాఖలుండేవి. దాన్ని అణచి, ఆ స్థానంలో 1955 నుంచి ప్రాగ్‌లోని స్త్రాహోవ్ స్టేడియంలో ‘స్పార్టకియాడ్’ల పేరుతో ప్రభుత్వమే సామూహిక వ్యాయామ ప్రదర్శనలు నడిపింది. వేలాది మంది ఒకేసారి చేతులెత్తి దించే ఆ దృశ్యం పైనుంచి చూస్తే అబ్బురంగా ఉండేది. ఇష్టమున్నవారు కూడి నడుపుకున్న సంఘం పోయి, పైనుంచి తీర్చిన వరుస మిగిలింది.

మరో పక్క ప్రతి మనిషీ ఏదో ఒక సంఘంలో సభ్యుడే. చిన్నప్పుడు పయనీర్ అనే పిల్లల దళం, పెద్దయ్యాక కార్మిక సంఘం, మధ్యలో సోవియట్ స్నేహ సంఘం. కార్మిక సంఘం సభ్యత్వమే సెలవుల విడిది గృహానికీ, చికిత్స కేంద్రానికీ దారి. చేరడం మన నిర్ణయం కానప్పుడు, మానెయ్యడం ఒక్కటే మన నిర్ణయమవుతుంది. 1989 తర్వాత కోట్లాది మంది తమ స్వేచ్ఛను అలా వాడుకున్నారు. బయటి పరిశీలకులకు అది ఉదాసీనతలా కనిపించింది. చేసినవారికి అది ఊపిరి తీసుకోవడం.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది. సంస్థలను నమ్మలేని చోట జనం మనుషులను నమ్ముకున్నారు. మందు దొరకాలన్నా, కారు విడిభాగం కావాలన్నా, బిడ్డకు మంచి డాక్టరు కావాలన్నా బంధువు, స్నేహితుడు, స్నేహితుడి బావమరిది. వంటింట్లో టీ తాగుతూ మాట్లాడుకునే పదిమందిలోనే నిజమైన సహాయం, నిజమైన మాట ఉండేవి. ‘మీరు ఎన్ని సంఘాల్లో సభ్యులు?’ అని అడిగే సర్వేకు ఈ సహాయమంతా సున్నాగా కనబడుతుంది. పొరుగింటి ముసలావిడకు పదేళ్లుగా రొట్టె తెచ్చిపెడుతున్న మనిషి ఆ పట్టికలో ఎక్కడా ఉండడు.

మాట కూడా చెడిపోయింది. పోలండ్‌లో ‘సామాజిక కార్యం’ అంటే జనం నవ్వుకునే పరిస్థితి వచ్చాక, 1990లలో ‘వొలొంతారియత్’ అనే అరువు మాటను వాడుకలోకి తెచ్చారు. ఉక్రెయిన్‌లో రెండు మాటలు వేరువేరు పనులకు స్థిరపడ్డాయి: యుద్ధానికి తనంతట తాను వెళ్లేవాడు ‘దొబ్రోవోలెత్స్’, బూట్లూ మందులూ సేకరించి పంపేవారు ‘వొలొంతేర్’. ప్రభుత్వం ఒక మాటను తీసుకుంటే దాని అర్థం ఎంత వేగంగా మారుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి కొన్నేళ్లపాటు ‘వాలంటీర్’ అంటే సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పనిచేసే మనిషి.

## ఉద్యమం గెలిచింది, సంఘం ఖాళీ అయింది

1980లలో ఈ దేశాల్లో పౌర సమాజం లేదనడానికి వీల్లేదు. ప్రపంచమంతా ఆ మాటను మళ్లీ వాడటం మొదలుపెట్టిందే వీరి వల్ల. పోలండ్‌లో 1980లో పుట్టిన స్వతంత్ర కార్మిక సంఘం సాలిడారిటీలో ఏడాది తిరిగేసరికి దాదాపు కోటి మంది చేరారు. హంగరీలో డాన్యూబ్ నదిపై గబ్చికోవో-నాద్యమరోష్ ఆనకట్టలకు వ్యతిరేకంగా జీవశాస్త్రవేత్త యానోష్ వర్గా 1984లో ‘డాన్యూబ్ సర్కిల్’ మొదలుపెట్టాడు. రాజకీయం మాట్లాడితే జైలు. నది గురించి, చేపల గురించి, తాగునీటి గురించి మాట్లాడితే అధికారులకు ఏ సెక్షన్ పెట్టాలో వెంటనే తోచేది కాదు. ఆ సందులోంచి ఉద్యమం పెరిగింది. 1988 సెప్టెంబరులో బుడాపెస్ట్ వీధుల్లోకి వేలాది మంది వచ్చారు. 1989 మేలో ప్రభుత్వం తన వైపు నాద్యమరోష్ పనులు ఆపేసింది.

గెలుపు తర్వాత జరిగింది ఎవరూ కుట్రపన్ని చేసింది కాదు. ఉద్యమంలో ఉన్న సమర్థులు ప్రభుత్వంలోకి వెళ్లారు. సాలిడారిటీ సలహాదారు తదేవుష్ మజోవియెత్స్కి 1989లో ప్రధాని అయ్యాడు, మరుసటి ఏడాది చివర్లో సాలిడారిటీ నాయకుడు లెక్ వలేసా అధ్యక్షుడయ్యాడు. కార్మికుల కోసం ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గిన యాత్సెక్ కురోన్ కార్మిక మంత్రి అయ్యాడు. ఆయన వార్సాలో పేదలకు సూప్ పంచేవాడు. ఆ సూప్‌కు ‘కురొనియూవ్కా’ అని జనం పేరు పెట్టారు. తర్వాత నిరుద్యోగ భృతికి కూడా అదే పేరు నిలిచింది. మంత్రి చేతిలో గరిటె ఉండటం గొప్పగానే అనిపించినా, ఆయన వదిలి వచ్చిన చోట గరిటె పట్టేవారు తగ్గిపోయారన్నది అదే బొమ్మకు రెండో వైపు.

అదే సమయంలో కర్మాగారాలు మూతపడ్డాయి. సోషలిస్టు కర్మాగారం అంటే జీతం ఒక్కటే కాదు. పిల్లల సంరక్షణ కేంద్రం, ఫుట్‌బాల్ జట్టు, బృందగానం, సెలవుల విడిది అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉండేవి. కర్మాగారంతో పాటు అవీ పోయాయి. రెండు ఉద్యోగాలు చేస్తే గానీ ఇల్లు గడవని 1990లలో ‘మీ ఖాళీ సమయం సమాజానికి ఇవ్వండి’ అని అడిగితే వినేదెవరు?

## డబ్బు ఎటు నుంచి వస్తే చూపు అటు

ఆ ఖాళీలోకి బయటి నిధులు వచ్చాయి. హంగరీలో పుట్టిన అమెరికన్ సంపన్నుడు జార్జ్ సోరోస్ ఫౌండేషన్ హంగరీలో పాత పాలన ఉండగానే, 1984లో అడుగుపెట్టింది. గ్రంథాలయాలకు, విశ్వవిద్యాలయాలకు ఫొటోకాపీ యంత్రాలు ఇవ్వడం దాని తొలి పనుల్లో ఒకటి. కాగితం నకలు తీయడం మీద కూడా నిఘా ఉన్న దేశంలో ఆ యంత్రం విలువ వేరు. 1989 తర్వాత అమెరికా ప్రభుత్వ సహాయం, ఐరోపా సమాఖ్య నిధులు తోడయ్యాయి.

ఈ నిధులు లేకపోతే ఎన్నికల పరిశీలన, న్యాయ సహాయం, అవినీతిపై నిఘా వంటి పనులు అక్కడ మొదలయ్యేవే కావు. సమస్య వాటి నిర్మాణంలో ఉంది. సభ్యుల చందాలతో నడిచే సంఘం సభ్యుల ముఖం చూస్తుంది. ప్రాజెక్టు నిధులతో నడిచే సంస్థ దాత ముఖం చూస్తుంది. రాజధానిలో ఆఫీసు, ఇంగ్లిష్ బాగా వచ్చిన నలుగురు ఉద్యోగులు, ఆరు నెలలకోసారి నివేదిక ఉంటే బండి నడుస్తుంది. సభ్యులను చేర్చుకోవడం అంటే సమావేశాలు, తగాదాలు, ఎన్నికలు. దాత దాన్ని అడగనప్పుడు ఆ తలనొప్పి ఎవరు పెట్టుకుంటారు? 2004లో 8 మాజీ సోషలిస్టు దేశాలు ఐరోపా సమాఖ్యలో చేరాయి. ఆ సంవత్సరాల్లోనే అమెరికన్ దాతలు ఇక్కడ తమ పని అయిందనుకుని తూర్పు దిక్కుకు కదిలారు. వారు వెళ్లాక చాలా సంస్థలకు చుట్టూ చూస్తే ఊళ్లో మనుషులు లేరు.

రష్యాలో ‘ఫండ్’ అన్న మాటే మచ్చపడింది. 1990లలో, అధ్యక్షుడు యెల్త్సిన్ కాలంలో, జాతీయ క్రీడా నిధికి, అఫ్గాన్ యుద్ధ సైనికుల నిధికి దిగుమతి సుంకాల మినహాయింపులు ఇచ్చారు. సేవ పేరుతో మద్యం, సిగరెట్లు సుంకం లేకుండా దేశంలోకి వచ్చాయి. ఆ డబ్బు చుట్టూ ముఠాలు చేరాయి. 1996 నవంబరులో మాస్కోలోని ఒక శ్మశానంలో, హత్యకు గురైన అఫ్గాన్ సైనికుల నిధి నాయకుడి సమాధి దగ్గర స్మారక సభలో బాంబు పేలి 14 మంది చనిపోయారు. సేవా సంస్థ అనగానే రష్యన్ సగటు మనిషి జేబు తడుముకోవడం వెనుక ఇలాంటి ఏళ్లు ఉన్నాయి.

2010లో మాస్కో దగ్గరి అడవిలో ఒక చిన్న పాప తప్పిపోయి చనిపోయిన తర్వాత పుట్టిన గాలింపు దళం ‘లీజా అలర్ట్’ ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ అనుమానం లోతు తెలుస్తుంది. తప్పిపోయినవారి కోసం రాత్రివేళ అడవుల్లో వరుసగా నడుస్తూ వెతికే వేలాది మంది స్వచ్ఛంద సేవకులు దానిలో ఉన్నారు. అది డబ్బు విరాళాలు తీసుకోదు, బ్యాంకు ఖాతా పెట్టుకోలేదు. సాయం చేయదలచినవారు టార్చిలైట్లు, బ్యాటరీలు, వైర్‌లెస్ సెట్లు ఇవ్వవచ్చు. నమ్మకం సంపాదించడానికి డబ్బును గడప దగ్గరే ఆపేసింది.

## నిలబడ్డవి ఎందుకు నిలబడ్డాయి

పోలండ్ గ్రామాల్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళాలు 16 వేల దాకా ఉన్నాయి. వీటిలో చాలావాటి వయసు సోషలిస్టు పాలన కన్నా ఎక్కువ. రాజ్యాలు మారాయి, సైరన్ మోగితే పరుగెత్తేవారు మారలేదు. ఈ దళం చేసే పని ఏమిటో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలుసు. మంటలు ఆర్పడంలో ‘స్వచ్ఛంద నిర్బంధం’ నటనకు చోటులేదు. ఊరి పండుగ, బ్యాండు మేళం, పెళ్లి విందు, అన్నీ ఆ అగ్నిమాపక కేంద్రం హాల్లోనే. సర్వేలు వెతికిన పౌర సమాజం ఇదే కావచ్చు. కాకపోతే దీనికి ఇంగ్లిష్‌లో నివేదికలు రాసే అలవాటు లేదు.

కొత్తగా పుట్టి నిలబడ్డదానికి పోలండ్‌లోనే ఉదాహరణ ఉంది. యూరెక్ ఓవ్‌షాక్ అనే రేడియో, టీవీ వ్యాఖ్యాత ‘క్రిస్మస్ దాన మహా ఆర్కెస్ట్రా’ పేరుతో 1993 జనవరి 3న మొదటి విరాళాల రోజు జరిపాడు. పిల్లల గుండె శస్త్రచికిత్సలకు పరికరాలు కొనడం లక్ష్యం. ఇప్పుడు ఏటా జనవరిలో ఒక ఆదివారం లక్షకు పైగా వాలంటీర్లు, ఎక్కువగా బడి పిల్లలు, డబ్బాలు పట్టుకుని గడ్డకట్టే చలిలో వీధుల్లో తిరుగుతారు. డబ్బు వేసినవారి కోటు మీద ఎర్రని హృదయం స్టిక్కరు అంటిస్తారు. సాయంత్రానికి పట్టణంలో స్టిక్కరు లేని కోటు అరుదు. ఆ డబ్బుతో కొన్న పరికరం మీద కూడా అదే గుర్తు ఉంటుంది. పదేళ్ల తర్వాత బిడ్డను ఆసుపత్రిలో చేర్చిన తల్లికి ఇంక్యుబేటర్ మీద ఆ ఎర్రని గుర్తు కనబడుతుంది. వార్షిక నివేదిక చేయలేని పనిని ఆ స్టిక్కరు చేసింది. దీనికీ శత్రువులు లేకపోలేదు. సంప్రదాయవాదుల నుంచి ఏళ్లుగా విమర్శలు ఉన్నాయి. 2019 జనవరి 13న గ్డాన్‌స్క్‌లో ఇదే కార్యక్రమ వేదికపై నగర మేయర్ పావెల్ అదమోవిచ్‌ను కత్తితో పొడిచారు. మరుసటి రోజు ఆయన మరణించాడు.

ఎస్తోనియా కథలో ఒక తమాషా ఉంది. 2008 మే 3న, దాదాపు 13 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 50 వేల మంది అడవుల్లో, రోడ్ల పక్కన పడేసిన 10 వేల టన్నుల చెత్తను ఒక్కరోజులో ఎత్తేశారు. 2010 ఏప్రిల్ 17న స్లొవేనియాలో ఇలాంటి కార్యక్రమానికి 2 లక్షల 70 వేల మంది వచ్చారు. క్యాలెండరు తిరగేస్తే ఆ రెండు రోజులూ శనివారాలే, రెండూ వసంతంలోనే. చేతిలో అదే చీపురు, అదే సంచి. సుబ్బోత్నిక్‌ను ఏవగించుకున్న తరం పిల్లలు సుబ్బోత్నిక్‌కే వచ్చారన్నమాట. తేడా ఎక్కడంటే, ఎస్తోనియా నిర్వాహకులు చెత్త ఎక్కడుందో ముందుగా మ్యాపు మీద గుర్తించి, రావడం, రాకపోవడం ఎవరికి వారికే వదిలేశారు. సాయంత్రానికి పని అయిపోతుంది, సభ్యత్వం ఉండదు, మర్నాటి నుంచి ఎవరూ పిలవరు. పైగా దానికి వారు వాడిన మాట ‘తల్గుద్’. అది సోవియట్ మాట కాదు. కోతల కాలంలో ఒకరి పొలానికి ఒకరు సాయం వెళ్లే పాత పల్లె అలవాటు పేరు. మన దగ్గర నాట్లప్పుడు రైతు కుటుంబాలు ఒకరికొకరు బదులు పనికి వెళ్లినట్టే. లాత్వియా, లిథువేనియాల్లో దాన్ని ‘తల్కా’ అంటారు, ఉక్రెయిన్‌లో ‘తొలోకా’. పాలన చెడగొట్టిన మాటను పక్కనపెట్టి, దానికన్నా పాత మాటను అటక మీది నుంచి దించుకున్నారు.

చట్టాలతో జరిగిన ప్రయత్నాల్లో ఆసక్తికరమైనది హంగరీది. 1996లో చేసిన చట్టం ప్రకారం పన్ను చెల్లించేవారు తమ ఆదాయపు పన్నులో 1 శాతం ఏ సేవా సంస్థకు వెళ్లాలో చెప్పవచ్చు. ఇది అదనపు విరాళం కాదు, ఎలాగూ కట్టే పన్నులోంచే వెళుతుంది. స్లొవేకియా, లిథువేనియా, రుమేనియా దీన్ని అనుసరించాయి. పోలండ్‌లో 2003 నాటి ప్రజాప్రయోజన, స్వచ్ఛంద సేవా చట్టంతో వచ్చింది, ఈ మధ్య 1.5 శాతమైంది. మనిషికి ఏటా ఒకసారి ‘ఏ సంస్థను నమ్ముతావు?’ అని ప్రశ్న వేసే యంత్రం ఇది. జవాబులు ఒక తీరున వచ్చాయి. డబ్బు ఎక్కువగా తమ పిల్లల బడికి, ఊరి ఆసుపత్రికి, జబ్బుపడ్డ పిల్లలకు వెళ్లింది. పోలండ్‌లో ఫౌండేషన్ల కింద ఒక్కో రోగికి ఒక్కో ఉపఖాతా తెరిచి, ‘మీ శాతం మా బాబుకు ఇవ్వండి’ అని తల్లిదండ్రులు కరపత్రాలు పంచడం మామూలైంది. హక్కుల సంస్థలకూ, నిఘా సంస్థలకూ మిగిలింది కొద్దిగానే. స్లొవేకియా ఒక మెలిక పెట్టింది: మామూలుగా 2 శాతం, ఏడాదిలో కనీసం 40 గంటలు స్వచ్ఛంద సేవ చేసినట్టు ధ్రువపత్రం తెస్తే 3 శాతం. హాజరు పట్టిక మళ్లీ వచ్చింది, ఈసారి శిక్షకు బదులు చిన్న అధికారంతో.

## ముద్ర వేసే చట్టాలు

సభ్యులు తక్కువ, విదేశీ నిధులు ఎక్కువ. ఇలాంటి సంస్థను దెబ్బతీయాలనుకునే ప్రభుత్వానికి పని సులువు. ‘మీ వెనుక ఎంతమంది ఉన్నారు?’ అని అడక్కుండా ‘మీకు డబ్బు ఎవరిస్తున్నారు?’ అని అడిగితే చాలు.

రష్యా 2012లో ఈ దారి తెరిచింది. విదేశీ నిధులు తీసుకుంటూ ‘రాజకీయ కార్యకలాపం’ చేసే సంస్థలు ‘విదేశీ ఏజెంటు’గా నమోదు కావాలి. స్టాలిన్ కాలపు జ్ఞాపకాలున్న దేశంలో ఆ మాటకు గూఢచారి, ద్రోహి అనే అర్థాలు ముందు వస్తాయి. చట్టం అమల్లోకి వచ్చిన 2012 నవంబరులోనే మాస్కోలోని ‘మెమోరియల్’ ఆఫీసు గోడ మీద ఎవరో రాత్రికి రాత్రి రంగుతో ‘విదేశీ ఏజెంటు’ అని రాసి, పక్కన అమెరికా పేరూ హృదయం గుర్తూ వేసి పోయారు. స్టాలిన్ కాలపు బాధితుల పేర్లను సేకరించి భద్రపరచడం మెమోరియల్ పని. దాని తొలి గౌరవాధ్యక్షుడు సోవియట్ పాలనను ఎదిరించిన భౌతిక శాస్త్రవేత్త ఆంద్రే సఖారోవ్. 2021 డిసెంబరు 28న రష్యా సుప్రీంకోర్టు ఆ సంస్థ మూసివేతకు ఆదేశించింది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి పంచుకున్నవారిలో మెమోరియల్ ఉంది. 2022 తర్వాత రష్యా చట్టానికి విదేశీ డబ్బు కూడా అక్కర్లేదు, ‘విదేశీ ప్రభావం’ ఉందంటే సరిపోతుంది.

అమెరికాలో 1938 నుంచి ఇలాంటి చట్టం ఉందిగా అని రష్యా సమర్థకులు అంటారు. అమెరికా చట్టంలో విదేశీ శక్తి ఆదేశం మీద, దాని తరఫున పనిచేస్తున్నట్టు చూపాలి. రష్యా చట్టంలో ఆ సంబంధం చూపాల్సిన పని లేదు. భారత చట్టం మరో తరహాది. 1976లో అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చి, 2010లో మారి, 2020లో ఇంకా బిగిసిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ముద్ర వేయదు. కానీ అనుమతి లేనిదే డబ్బే రానివ్వదు, వచ్చే డబ్బు కూడా ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖ ద్వారా రావాలంటుంది.

హంగరీ 2017లో ఏటా 72 లక్షల ఫోరింట్లకు మించి విదేశీ నిధులు తీసుకునే సంస్థలు తమను అలా ప్రకటించుకోవాలని చట్టం చేసింది. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2020 జూన్‌లో అది సమాఖ్య చట్టానికి విరుద్ధమని తీర్పు ఇచ్చింది, హంగరీ మరుసటి ఏడాది దాన్ని ఉపసంహరించింది. సమాఖ్య బయట ఉన్న జార్జియాకు అలాంటి పైకోర్టు లేదు. అక్కడ 2023లో ప్రజల నిరసనతో వెనక్కి తీసుకున్న బిల్లును 2024లో మళ్లీ తెచ్చి, అధ్యక్షురాలి వీటోను తోసిపుచ్చి చట్టం చేశారు. ఆదాయంలో 20 శాతానికి మించి విదేశాల నుంచి వచ్చే సంస్థలు నమోదు కావాలి. అదే ఏడాది కిర్గిజ్‌స్తాన్ కూడా రష్యా నమూనాలో చట్టం చేసింది.

## సేవకులు పెరిగి, సమాజం తగ్గవచ్చు

స్వచ్ఛంద సేవ, పౌర సమాజం ఒకటే అనుకోవడం ఈ చర్చలో తరచూ జరిగే పొరపాటు. రష్యా 2018ని ‘స్వచ్ఛంద సేవకుల సంవత్సరం’గా ప్రకటించింది, సేవకులకు చట్టబద్ధ గుర్తింపు ఇచ్చింది. వృద్ధులకు, వికలాంగులకు సేవ చేసే సంస్థలకు ప్రభుత్వ గ్రాంట్లు ఇస్తోంది. అదే దశాబ్దంలో ఎన్నికల పరిశీలకులను, జైళ్ల పరిస్థితిని చూసే సంస్థలను ఒక్కొక్కటిగా మూసింది. ముసలివారికి అన్నం పెట్టవచ్చు. వారి పింఛను ఎందుకు సరిపోవడం లేదని అడిగితే అది రాజకీయం. లెక్కల్లో సేవకుల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది.

ఉక్రెయిన్ ఎదురు దిశలో నడిచింది. 2014లో క్రిమియా రష్యా చేతిలోకి పోయి, తూర్పున యుద్ధం మొదలైనప్పుడు సైన్యానికి బూట్లు, హెల్మెట్లు కూడా సరిగ్గా లేవు. పౌరులు చందాలు వేసుకుని కొనిపెట్టారు. ఆ ఏడాదే పుట్టిన ‘కమ్ బ్యాక్ అలైవ్’ వంటి ఫౌండేషన్లు వచ్చిన ప్రతి రూపాయికీ ఖర్చు లెక్క బయటపెట్టి నమ్మకం సంపాదించాయి. ప్రభుత్వ శాఖకు వేసిన డబ్బు ఏమవుతుందో తెలియదు, ఈ ఫౌండేషన్‌కు వేసింది సైన్యానికి ఏ పరికరం అయిందో తెలుస్తుంది. సేవ చేసినవారే తర్వాత రక్షణ కొనుగోళ్లలో అవినీతిని ప్రశ్నించారు. రష్యాలో విడగొట్టిన రెండు పనులు ఇక్కడ ఒకే చేతిలో కలిశాయి. యుద్ధం ఎంతకాలం సాగితే సేవ చేసేవారిలో అలసట అంత పెరుగుతుందన్నది వేరే విషయం.

పోలండ్‌లో 2022 నాటి అలలోనూ అలసట కనబడింది. శరణార్థులకు ఇంట్లో చోటిచ్చినవారికి మనిషికి రోజుకు 40 జ్లోటీలు ఇచ్చే ఏర్పాటు ఆ మార్చిలోనే వచ్చింది, మొదట 60 రోజులకు. అట్టముక్క పట్టుకుని వచ్చిన మనిషి ఉత్సాహం వారాల్లో నడుస్తుంది. అద్దె ఒప్పందం, బడిలో సీటు, ఉద్యోగం వంటివి నెలలు పడతాయి. వాటికి సంస్థ కావాలి, సంస్థకు జీతం తీసుకునే మనుషులు కావాలి, ఆ జీతానికి ఎక్కడి నుంచో డబ్బు రావాలి.

2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో ఈ ప్రశ్న ఒక్కసారిగా ముందుకు వచ్చింది. దశాబ్దాలుగా ఆ నిధులు ఇచ్చిన అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఆ జులైలో మూతపడింది. ఉక్రెయిన్, మాల్డోవా, జార్జియాల్లో స్వతంత్ర మీడియా, న్యాయ సహాయ సంస్థలు ముందుగా దెబ్బతిన్నాయి. సేవలందించే సంస్థలు ప్రభుత్వ కాంట్రాక్టులతో బతకగలవు. ప్రభుత్వాన్ని ప్రశ్నించే సంస్థలకు ఆ దారి లేదు, పన్ను శాతాల్లో జబ్బుపడ్డ పిల్లలతో అవి పోటీపడలేవు. మిగిలింది సభ్యుల చందా ఒక్కటే.

జార్జియా రాజధాని త్బిలిసిలో దాని నమూనా ఒకటి కనబడింది. ఐరోపా సమాఖ్యలో చేరే చర్చలను 2028 వరకు పక్కనపెడుతున్నట్టు ప్రభుత్వం 2024 నవంబరు 28న ప్రకటించాక రుస్తవేలీ వీధిలో రోజూ నిరసనలు మొదలయ్యాయి. రోడ్డు అడ్డగించినందుకు జరిమానాను ప్రభుత్వం 500 ‘లారీ’ల (జార్జియా కరెన్సీ) నుంచి 5,000కు పెంచింది. సామాన్యుడు కట్టలేని మొత్తం అది. జనం వేసిన విరాళాలతో ఆ జరిమానాలు కట్టడానికి కొన్ని నిధులు పనిచేశాయి. 2025 మార్చిలో కోర్టు ఆ సంస్థల ఖాతాలను స్తంభింపజేసింది. రుస్తవేలీ వీధిలో సాయంత్రం సమావేశాలు ఆ తర్వాత కూడా నెలల తరబడి సాగాయి.